ఆపరేటర్ కిటికీ: ఈసారి కోట ముచ్చటే ఎక్కువ

పోయిన సంచికలో విలన్ల గురించి రాస్తూ కోట శ్రీనివాసరావుగారిని రెండు వాక్యాల్లో దాటేశాను. పాఠకులు నన్ను వదల్లేదు. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆయన గురించే. కొన్ని ప్రేమగా ఉన్నాయి, కొన్ని కోపంగా ఉన్నాయి. ఎప్పటిలాగే పేర్లు వేయడం లేదు, ఊర్లు మాత్రం వేస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. నేను సినిమావాణ్ణి కాదు. 1979లో నల్లగొండలో ఒక టాకీసులో ఆపరేటర్‌కు అసిస్టెంటుగా చేరాను. తర్వాత ఆపరేటర్నయ్యాను, కొన్నాళ్లు దేవరకొండలోనూ పనిచేశాను. డిజిటల్ డబ్బా వచ్చి నా పని అది చేసుకోవడం మొదలుపెట్టాక ఇంటికొచ్చాను. నాకు తెలిసిన సినిమా అంతా క్యాబిన్ గోడకున్న జానెడు కిటికీలోంచి చూసిందే.

ప్ర: కోటది కృష్ణా జిల్లా. మన యాసను దుర్మార్గుల నోట్లో పెట్టి రాష్ట్రమంతా నవ్వించిన పాపంలో ఆయనకు వాటా లేదా? ఆయన పోతే మీరంతా కన్నీళ్లు పెట్టుకున్నారు. నాకైతే మింగుడుపడలేదు.
(రిటైర్డ్ టీచర్, నల్లగొండ)

జ: సారూ, వాటా ఉంది. ముందే ఒప్పుకుంటున్నాను. ఎంత వాటా అన్న దగ్గరే మీతో నాకు పేచీ.

ఆయన 1942 జూలై 10న కంకిపాడులో పుట్టారు. తండ్రి డాక్టరు. ఈయన స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలాడేవారు. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెర మీదకు వచ్చారు. చిరంజీవి మొదట జనానికి కనబడిందీ ఆ సినిమాతోనే. ఆ తర్వాత కొన్నేళ్లు మా టాకీసులో కోట అన్న పేరు ఎవరి నోటా వినలేదు. 1985లో టి. కృష్ణగారి ‘ప్రతిఘటన’ వచ్చింది. జనం విజయశాంతి కోసం వచ్చారు. బయటికి పోయేటప్పుడు కోటగారు వేసిన మంత్రి కాశయ్య గురించి మాట్లాడుకుంటూ పోయారు.

ఆ సినిమాను నేనెట్లా చూశానో చెప్పాలి. అప్పట్లో మాకు కార్బన్ కడ్డీల మిషన్లు రెండు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. అది అయిపోతుందనగా తెర కుడిపక్క పైమూలలో ఒక చుక్క పడుతుంది. అప్పుడు రెండో మిషను మోటారు తిప్పాలి. ఇంకో ఏడెనిమిది సెకన్లకు రెండో చుక్క. అప్పుడు వెలుగు ఇటు మూసి అటు తెరవాలి. చుక్క తప్పిందా, తెర తెల్లబోతుంది, కింద నుంచి ఈలలు, బూతులు. అందుకే ఆపరేటర్ సినిమా చూడకుండా ఉండలేడు. రోజుకు నాలుగాటలు, ఇష్టమున్నా లేకున్నా. హాల్లో జనం ఎక్కడ నవ్వుతారు, ఎక్కడ దగ్గుతారు, ఎక్కడ పల్లీలు తినడం ఆపేస్తారు, అన్నీ తెలిసిపోతాయి.

మొదటిరోజు మ్యాట్నీ. నేల క్లాసు కిక్కిరిసింది. కాశయ్య నోరు తెరవగానే గొల్లుమన్నారు. ఆ నవ్వు నాకు తెలుసు. మన మాట తెర మీద వినబడితే మనం అట్లాగే నవ్వేవాళ్లం, సంబరంతో సగం, సిగ్గుతో సగం. అప్పటిదాకా పెద్ద సినిమాల్లో మన మాట వినబడిందంటే ఏ నౌకరు నోట్లోనో, తాగుబోతు నోట్లోనో. ‘మా భూమి’ లాంటివి ఒకటీ అరా వచ్చినా వాటి దారి వేరు. కాశయ్య రెండోసారి వచ్చేసరికి నవ్వు పలచబడింది. తర్వాత ఇంకోసారి ఆయన కనబడగానే నేలలో ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ పక్కనున్నామెతో అన్నది, పైన నా కిటికీకి కూడా వినబడేట్టు: “గీడు అచ్చం మా ఊరి పటేలు లెక్కనే ఉన్నడు గదనే. గదే నవ్వు. నవ్వుకుంటనే కొంప ముంచుతడు.”

పటేల్, పట్వారీ వ్యవస్థను ఎన్టీఆర్ సర్కారు రద్దు చేసిన రోజులవి. ఊర్లలో ఆ మనుషులు ఇంకా అరుగుల మీదే ఉన్నారు, అధికారం పోయినా గొంతు పోలేదు. ముసలమ్మ ఆ మాట అన్నాక ఆ ఆటలో కాశయ్యను చూసి ఎవరూ నవ్వలేదు.

ఇక యాస సంగతి. ప్రతి మాటకూ ‘గిట్ల’, ‘గట్ల’ తగిలిస్తే తెలంగాణ అయిపోతుందనుకున్న నటులను నేను బోలెడుమందిని చూశాను. వాళ్లకు యాస అంటే నెత్తిన పెట్టుకునే టోపీ, సీను కాగానే తీసేస్తారు. కోటగారు అట్లా కాదు. మన మాటలో బరువు ఎక్కడ పడుతుందో పట్టుకున్నారు. మనవాడు బెదిరించేటప్పుడు గొంతు పెంచడు, తగ్గిస్తాడు. ఎదుటివాణ్ణి ‘తమ్మీ’ అని దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యేసి, అప్పుడు అడ్డం తిరుగుతాడు. మీ సర్వీసులో ఇట్లాంటివాళ్లు మీకూ తగిలే ఉంటారు. ‘గాయం’లో గురునారాయణ, ‘గణేష్’లో ఆరోగ్యమంత్రి, వీళ్లంతా అదే చెయ్యి మన భుజం మీద వేసినవాళ్లే. ‘గణేష్’కు ఆయనకు ఉత్తమ విలన్‌గా నంది వచ్చింది.

కోపం నాకు లేదనుకోకండి. మా పెద్దోడు ఎంసెట్ కోచింగ్‌కని కోస్తాలో ఒక ఊరికి పోయాడు. ‘గణేష్’ వచ్చిన మరుసటి ఏడు అది. హాస్టల్లో వాడు నోరు తెరవగానే పెట్టిన పేరు ‘మినిస్టర్’. ఏడాదంతా అదే పేరు. దసరాకు ఇంటికొచ్చి వాళ్లమ్మతో “నేను బజారుకు వెళ్లొస్తాను” అన్నాడు. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాడికి ఆ పేరు పెట్టిన పిల్లల మీద నాకు కోపం లేదు, కోటగారి మీదా రాలేదు. మంత్రికి మన యాస రాసిన చెయ్యి అదే సినిమాలో మన యాస మాట్లాడే మంచి డాక్టర్నో, టీచర్నో ఎందుకు రాయలేదని వచ్చింది. అది నటుడి చేతిలో ఉండదు సారూ. వేషం ఎవరికి, భాష ఏది అన్నది ఆయన మేకప్ వేసుకోకముందే తేలిపోతుంది. ‘ఫిదా’లో హీరోయిన్ మన మాట మాట్లాడటానికి 2017 దాకా ఆగాల్సొచ్చింది. ఆ లెక్క కాశయ్య ఖాతాలో రాస్తే నేను సంతకం పెట్టను.

ప్ర: అందరూ కోట, కోట అంటున్నారు. మా ఊరి డాక్టర్ ప్రభాకర్ రెడ్డి మీకు యాదికి రాలేదా? ఆయన వేసినన్ని విలన్ వేషాలు ఎవరు వేశారు?
(రైతు, తుంగతుర్తి)

జ: వచ్చాడన్నా. మీరు రాయకపోయినా ఈసారి రాసేవాణ్ణి. మీ కోపం న్యాయమైనదే.

తుంగతుర్తిలో 1935లో పుట్టి, హైదరాబాద్‌లో ఎంబీబీఎస్ చదివి, చేతిలో డాక్టర్ పట్టా ఉండగా మద్రాసు పోయి విలన్ వేషాలు వేసిన మనిషి ఆయన. 1960లో ‘చివరకు మిగిలేది’ మొదటి సినిమా. నాలుగు వందలకు పైగా చేశారు. ఎన్టీఆర్, ఏఎన్నార్, కృష్ణ, శోభన్ బాబు, ఎవరి సినిమా పెట్టెలో వచ్చినా అందులో ప్రభాకర్ రెడ్డి ఉండేవాడు. కథలు కూడా రాశారు. ‘పండంటి కాపురం’, ‘కార్తీక దీపం’ ఆయన కథలే. రాజమండ్రి పిల్ల లలితారాణికి జయప్రద అన్న పేరు పెట్టిందీ ఆయనేనంటారు. హైదరాబాద్‌లో మణికొండ దగ్గర సినీ కార్మికుల కాలనీకి ఆయన పేరే ఉంది. అందుకోసం తన భూమి పదెకరాలు ఇచ్చారు. తెర మీద పేదోళ్ల భూములు లాక్కునే షావుకారు వేషాలు వేసిన మనిషి! 1997 నవంబరులో పోయారు.

ఇప్పుడు మీకొక సంగతి చెప్తాను. పై ఉత్తరం రాసిన టీచరుగారు కూడా వినాలి. తుంగతుర్తివాడు విలనైతే తెర మీద స్వచ్ఛమైన గ్రాంథికం దగ్గరి తెలుగు మాట్లాడాడు. నేను తిప్పిన ఆయన సినిమాల్లో ఒక్కదాంట్లోనూ సూర్యాపేట పక్కపల్లె మాట ఆయన నోట నేను వినలేదు. కంకిపాడువాడు విలనైతే సూర్యాపేట పక్కపల్లె మాట మాట్లాడాడు. ‘అంకుశం’తో గడగడలాడించిన రామిరెడ్డిది చిత్తూరు జిల్లా. ఆయనా హైదరాబాద్‌లో జర్నలిస్టుగా పనిచేసి, ఈ గాలి పీల్చి, మన యాసలోనే బెదిరించాడు. మన కోదాడ దగ్గరి గుడిబండ కాంతారావు? జానపద సినిమాల్లో కత్తి పట్టి రాజకుమారుల భాష మాట్లాడాడు. మన మాట మనవాళ్లకు దక్కలేదు, బయటివాళ్లకు బతుకుదెరువైంది. ఇందులో ఎవరి తప్పెంతో నాకు తేలలేదు. ప్రభాకర్ రెడ్డిగారు ఒక్క సినిమాలోనన్నా తుంగతుర్తి దొర వేషం తుంగతుర్తి మాటలో వేసుంటే ఎట్లుండేదో అని మాత్రం అప్పుడప్పుడూ అనుకుంటాను.

ప్ర: ఆపరేటర్ సాబ్, నేను, నా దోస్తులు కలిసి షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. నాది విలన్ రోల్. కళ్లు పెద్దవి చేసి గట్టిగా అరిస్తే డైరెక్టర్ బాగుందంటున్నాడు, ఎడిటింగ్‌లో చూసుకుంటే కామెడీగా ఉంది. ఏం చేయాలి?
(డిగ్రీ విద్యార్థి, జడ్చర్ల)

జ: ఎడిటింగ్‌లో నీకే కామెడీ అనిపించిందంటే నువ్వు సగం పాసైనట్టే తమ్ముడూ. చాలామందికి అది కూడా తెలియదు.

నాకు తెలిసిన ఒక ఉపాయం చెప్తాను. అది ఉపాయమని నాకూ అప్పుడు తెలియదు. క్యాబిన్‌లో ఒక చిన్న స్పీకర్ ఉంటుంది, హాల్లో సౌండు సరిగా వస్తోందా లేదా తెలియడానికి. ఒకసారి అది కాలిపోయింది. ఓనరు ఇవ్వాళ, రేపు అంటూ నెల గడిపాడు. ఆ నెలలో మాకు ‘గాయం’ సెకండ్ రిలీజు వచ్చింది. మిషను మోత తప్ప ఏమీ వినబడదు. అట్లా మాట లేకుండా రోజుకు నాలుగుసార్లు కోటగారిని చూశాను.

మొదటి మూడు రోజులు విసుగు. తర్వాత ఒకటి కనబడింది. మిగతావాళ్లు తమ డైలాగు అయిపోగానే ఆగిపోతున్నారు, గంట కొట్టాక బడిపిల్లల్లాగా. ఈయన ఆగడం లేదు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ మొహంలో ఏదో పని నడుస్తూనే ఉంది. దవడ కొంచెం కదులుతుంది, కన్ను ఒకటి చిన్నదవుతుంది. వింటున్నాడో, లెక్క వేసుకుంటున్నాడో తెలియదు. ఆ తెలియకపోవడం దగ్గరే మనకు భయం మొదలవుతుంది. స్పీకర్ బాగై మాటలు తిరిగొచ్చాక చూస్తే, నేను భయపడ్డ చోట్లలో చాలావరకు ఆయనకు డైలాగే లేదు.

ఇంకొకటి. ‘అహ నా పెళ్లంట’ యూట్యూబ్‌లో ఉంటుంది, చూడు. 1987లో జంధ్యాలగారు తీసింది. కోడిని వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ ఒట్టి అన్నం తినే లక్ష్మీపతి. అది నవ్వించడానికి రాసిన సీను. కానీ ఆయన తినే తీరు చూడు. నిజంగానే రుచి తగిలినట్టు తింటాడు. నవ్వు రప్పించాలని ఎక్కడా ప్రయత్నించడు. లక్ష్మీపతికి తను పిసినారినని తెలియదు, జాగ్రత్తపరుణ్ణని అనుకుంటాడు. కాశయ్యకూ అంతే, తను దుర్మార్గుణ్ణని తెలియదు, లోకం నడిచే తీరు తెలిసినవాణ్ణని అనుకుంటాడు. నీ షార్ట్ ఫిల్మ్‌లో విలన్ పొద్దున లేచి అద్దంలో చూసుకుని తన గురించి ఏమనుకుంటాడో ముందు అది రాసుకో. కళ్ల సంగతి తర్వాత.

అయ్యాక సౌండు బంద్ చేసి చూసుకో. అప్పటికీ కామెడీగానే ఉంటే కామెడీ సినిమానే తియ్యండి, తప్పేముంది? ఆయనా బాబూమోహన్‌తో కలిసి ఎన్ని సినిమాల్లో నవ్వించలేదు!

ప్ర: రెండు నెలల కింద మీ శీర్షికలో ‘సామి’ తమిళంలోనూ, తెలుగులోనూ విలన్ కోటే అని రాశారు. తప్పు.
(మెడికల్ షాపు యజమాని, హుజూర్‌నగర్)

జ: తప్పే. చెంపలేసుకుంటున్నాను. 2003లో విక్రమ్ తమిళ ‘సామి’లో పెరుమాళ్ పిచ్చై కోటగారు. ఆ మరుసటి ఏడు తెలుగులో బాలకృష్ణతో ‘లక్ష్మీనరసింహ’గా తీసినప్పుడు ఆ వేషం ప్రకాష్ రాజ్ వేశారు. విచిత్రం చూడండి, తెలుగాయన తమిళంలో తమిళ విలన్, కన్నడాయన తెలుగులో తెలుగు విలన్. మన నటులుండగా బయటి నుంచి తెచ్చుకోవడమెందుకని కోటగారు చివరిదాకా బాహాటంగా అడుగుతూనే ఉన్నారు. ఆయనను తమిళంవాళ్లు తీసుకెళ్లినప్పుడు అక్కడి నటులు ఏమనుకున్నారో!

ప్ర: భయపెట్టడంలో నంబర్ వన్ ఎవరు? కోటా, రఘువరనా, రామిరెడ్డా, జయప్రకాష్ రెడ్డా? మా హోటల్ దగ్గర రోజూ ఇదే పంచాయితీ.
(ఆటో డ్రైవర్, కల్వకుర్తి)

జ: నంబర్లు నేను ఇవ్వను, మీ హోటల్ వ్యాపారం దెబ్బతింటుంది.

నా లెక్క వేరే ఉంది. సినిమా వదిలాక సెకండ్ షో నుంచి చీకట్లో ఇంటికి పోతుంటే ఎవరు గుర్తొస్తారు? రామిరెడ్డి గుర్తొస్తే సైకిల్ జోరుగా తొక్కేవాణ్ణి. దారిలో ఎదురైతే కొడతాడు. జయప్రకాష్ రెడ్డి గుర్తొస్తే నాకేం భయం ఉండేది కాదు. ఆయన కోపం సీమ ఫ్యాక్షన్ల మీద, నల్లగొండ రోడ్డుకు రాడు. ‘శివ’లో భవాని గుర్తొస్తే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. రఘువరన్ అంత నెమ్మదిగా మాట్లాడి 1989లో కాలేజీ పిల్లలందరికీ నిద్రలేకుండా చేశాడు. పాలక్కాడ్‌వాడు, యాభై నిండకుండానే 2008లో పోయాడు. అదే ‘శివ’లో కోటగారూ ఉన్నారు, మాచిరాజుగా. ఆయన గుర్తొస్తే దారిలో భయమేమీ ఉండేది కాదు. తెల్లారి ఏదో ఒక ఆఫీసులో సంతకం కోసం నిలబడ్డప్పుడు, బల్లకు అవతల కుర్చీలో కూర్చున్నాయన పళ్లు కుట్టుకుంటూ “ఏం తమ్మీ, ఏం పని?” అన్నప్పుడు గుర్తొచ్చేవారు.

పంచాయితీ తెగకపోతే చాయ్ డబ్బులు ఓడినవాళ్లే ఇవ్వాలని పెట్టుకోండి.

ప్ర: విలన్‌గా ఎన్నో మంత్రి వేషాలు వేసిన కోట నిజంగానే రాజకీయాల్లోకి పోయారట కదా?
(ఇంటర్ విద్యార్థిని, నాగర్‌కర్నూల్)

జ: అవునమ్మా. 1999లో విజయవాడ తూర్పు నుంచి బీజేపీ ఎమ్మెల్యేగా గెలిచారు. 2004 దాకా ఉన్నారు. మంత్రి మాత్రం తెర మీదే అయ్యారు.

ప్ర: చిన్నప్పుడు అన్నం తినకపోతే మా అమ్మ “కోటొస్తడు” అని భయపెట్టేది. ఇప్పుడు మా పిల్లలు ‘బొమ్మరిల్లు’ చూసి “తాతయ్య బాగున్నాడు” అంటున్నారు. ఒకే మనిషి ఇట్లా ఎట్లా అయ్యారు?
(గృహిణి, వనపర్తి)

జ: మీ అమ్మగారు చాలామంది అమ్మలకంటే నయం. మా ఇంటి పక్కన ఒకామె పిల్లల్ని నా పేరు చెప్పి భయపెట్టేది, రాత్రి ఒంటిగంటకు ఇంటికొచ్చేవాణ్ణని.

ఆయన మారలేదమ్మా, మొదటినుంచీ రెండూ ఉన్నాయి. మనకు చూపించినవాళ్లు ఒకవైపే ఎక్కువ చూపించారు. ‘ఆ నలుగురు’లో కోటయ్యను గుర్తుతెచ్చుకోండి. వడ్డీవ్యాపారి, చచ్చినవాడి దగ్గర బాకీ ఎట్లా వస్తుందా అని చూసేవాడు. సినిమా అయ్యేసరికి ఆయనే ఏడిపిస్తాడు. ఇరవై ఏళ్లుగా విలన్‌గా చూసిన మొహం కాబట్టే ఆ ఏడుపు నమ్మాం. మెతకమనిషి మొహం పెట్టుకుని వేస్తే ఆ వేషం నిలబడదు. ఆయనకు మొత్తం తొమ్మిది నందులు వచ్చాయి, అందులో విలన్‌వీ ఉన్నాయి, మంచి మనిషివీ ఉన్నాయి. 2015లో పద్మశ్రీ ఇచ్చారు.

2010లో ఆయన కొడుకు రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ కబురు తెలిసిన రోజు నేను దేవరకొండలో ఉన్నాను. ఆడుతున్న సినిమాలో ఆయన ఉన్నారు, ఏదో నవ్వు సీను. చుక్క పడేదాకా తెర వైపు చూడాల్సిందే కదా, చూశాను. రెండేళ్ల తర్వాత ‘కృష్ణం వందే జగద్గురుమ్’లో తాత వేషంలో, నాటకాలాడే ముసలాయనగా వచ్చారు. అదే ఏడు ‘గబ్బర్ సింగ్’లో తాగుబోతుల పాట స్వయంగా పాడారు. మీ పిల్లలకు ఆ తాత వేషం చూపించండి. పాట వద్దు, వాళ్లు బళ్లో పాడితే టీచర్ మిమ్మల్ని పిలుస్తుంది.

ప్ర: ఆపరేటర్‌గా మీరు చేసిన పెద్ద పొరపాటు ఏమిటి? దాచకుండా చెప్పండి.
(బస్ కండక్టర్, అచ్చంపేట)

జ: పదో రీలు తర్వాత పన్నెండు వేశాను. పన్నెండో దాంట్లో విలన్ చచ్చిపోయాడు. జనం చప్పట్లు కొట్టి లేవబోతుంటే తప్పు తెలిసి పదకొండు ఎక్కించాను. చచ్చినవాడు దర్జాగా కారు దిగి, తెల్లబట్టల్లో మెట్లెక్కి వచ్చాడు. హాలంతా నిమిషం సేపు నిశ్శబ్దం. తర్వాత బెంచీ క్లాసులోంచి ఒకడు, “సస్తే సావనీ, మళ్ల తెస్తివేందిరా!” అన్నాడు. రెండు కుర్చీలు విరిగాయి. వాటి డబ్బు నా జీతంలో పట్టుకున్నారు. సినిమా పేరు అడగొద్దు, ఆ హీరో అభిమానులు ఇప్పటికీ మా వీధిలో ఉన్నారు.

ప్ర: 2025 జూలైలో కోటగారు పోయారని టీవీలో చూసి నీకు ఫోన్ చేద్దామనుకున్నా, నంబర్ దొరకలేదు. నేను గేటు దగ్గర టికెట్లు చింపినోణ్ణి, గుర్తుపట్టినవా? ప్రతిఘటన ఆడినన్నాళ్లు రోజూ మ్యాట్నీకి ఒక ముసలామె వచ్చేది. విజయశాంతిని చూసేందుకు కాదు, కాశయ్యను తిట్టేందుకు. పైసలు లేని రోజు కూడా నేను లోపలికి పంపేవాణ్ణి. ఆమె యాదున్నదా? నా టార్చిలైటు నీ దగ్గరే ఉండాలె.
(నకిరేకల్)

జ: గుర్తుపట్టానురా. జూలై 13 పొద్దున, ఆదివారం, నేనూ టీవీ ముందే ఉన్నాను. పుట్టినరోజు చేసుకుని మూడు రోజులే అయింది ఆయనకు, ఎనభై మూడు. ఫిల్మ్‌నగర్ ఇంటి ముందు జనాన్ని చూపిస్తున్నారు. నేను ఆ జనంలో మొహాలు వెతుకుతున్నాను, ఎవరి కోసమో నాకే తెలియదు.

ముసలమ్మ యాదుంది. టీచరుగారికి పైన రాసింది ఆమె గురించే, నీ ఉత్తరం విప్పకముందే రాశాను. మొదటిరోజు ఆమె అన్న మాట నేను విన్నాను గానీ, రోజూ వచ్చేదని నాకు తెలియదు. పైనుంచి చూస్తే నేల క్లాసులో తలలే కనబడతాయి, మొహాలు కనబడవు. టికెట్ లేకుండా పంపేవాడివన్నది ఇప్పుడే వింటున్నాను. ఓనరుకు అప్పుడు తెలిసుంటే నీ జీతంతో పాటు నాదీ కోసేవాడు. ఆమెది ఏ ఊరో, ఆ పటేలు ఎవరో నీకు చెప్పిందా? తెలిస్తే రాయి, పేరు వేయనులే.

టార్చిలైటు ఉంది. సెల్లులు లేవు, అద్దం కొంచెం పగిలింది. నంబరు పత్రిక ఆఫీసుకు ఇచ్చాను, అడిగి తీసుకో.